వాడు మొద్దు కాదమ్మా

ప్రశ్న: మాది పాలమూరు వైపు పల్లె. ఏళ్లుగా హైదరాబాద్‌లో మేస్త్రీ కింద కూలికి ఉంటున్నాం. ఎక్కడ పని దొరికితే అక్కడే రేకుల షెడ్డు. బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. గుణింతాలు రావు, పాఠం మధ్యలో తూగుతాడు. బడిలో మొద్దు అంటున్నారు. ‘మన వంశంలో ఎవరికబ్బింది చదువు?’ అంటారు మా ఆయన. వాడు కడుపులో ఉన్నప్పుడు ఎనిమిదో నెలదాకా ఇటుకలు మోశాను, చాలీచాలని తిండి. తప్పు నాదేనా? కొట్లో చిల్లర లెక్క మాత్రం వాడు తప్పడు. ఏడాదిన్నర పాప ఉంది, దానికీ ఇంతేనా? చదువు రాని నేనేం చేయగలను? ఇది పక్క షెడ్డు అమ్మాయి చేత రాయిస్తున్నాను.

జవాబు: చిల్లర లెక్క తప్పని పిల్లవాడు మొద్దు ఎలా అవుతాడమ్మా? బడిలో పిల్లలను మాటలతో వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

ఎనిమిదో నెలలో ఇటుకలు మీరు సరదాకి మోయలేదు. కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా మెదడు చాలా వేగంగా ఎదుగుతుంది. అప్పుడు తిండి, నిద్ర, పలకరించే మనిషి కరువైతే ఆ దెబ్బ మాటల మీద, ధ్యాస మీద, జ్ఞాపకం మీద పడుతుంది. కొంత లోటు మిగిలిపోనూ వచ్చు, ఆ మాట దాచను. కానీ అది లేమి చేసిన పని. మీ వంశానిది కాదు, మీది అసలే కాదు.

వాడు తూగుతున్నాడన్న మాట దగ్గరే నేను ఆగాను. రక్తం తక్కువైతే పిల్లలు అలా నీరసపడతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. బస్తీ దవాఖానాలో రక్తపరీక్ష చేయించండి. కళ్లు, చెవులు కూడా చూపించండి, బోర్డు కనబడకే వెనకబడే పిల్లలున్నారు. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర మింగుతున్నాడో లేదో కనుక్కోండి. అన్నంతోపాటు టీ ఇస్తుంటే మానేయండి, అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఎన్ని బళ్లు మారాడో మీరు రాయలేదు. గుణింతాలు రాకపోవడానికి సగం కారణం అక్కడే ఉండవచ్చు. ఈసారి మకాం మారిస్తే, టీసీ రాలేదని ప్రభుత్వ బడి వాడిని తిప్పి పంపకూడదు. గట్టిగా అడగండి.

ఇక పాప. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పేద పసిపిల్లలతో ఒక అధ్యయనం మొదలైంది. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికో గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతోనే బొమ్మలు చేసి, పిల్లలతో ఎలా ఆడాలో, మాట్లాడాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందనివారికంటే నూటికి 25 వంతులు ఎక్కువ. కాబట్టి పాప పేరు అంగన్‌వాడీలో రాయించి, బాలామృతం, గుడ్లు తెచ్చుకోండి. వంట చేస్తూ ఉల్లిపాయ చూపించి పేరు చెప్పండి, అది ఏదో అంటే బదులివ్వండి. దీనికి చదువు అక్కర్లేదు.

బాబుకు మాత్రం అక్షరం నేర్పే మనిషి కావాలి. ఈ జవాబు మీకు చదివి వినిపిస్తున్న ఆ పక్క షెడ్డు అమ్మాయినే అడగండి, రోజూ పావుగంట వాడితో కూర్చుంటుందేమో.