వారెంటు లేకుండా ఇల్లు సోదా చేస్తే కేసు పోతుందా?

ప్రశ్న: మాది విజయవాడ. డిసెంబరు మొదటి వారంలో ఒక సాయంత్రం ఆరున్నరకు ఇన్‌స్పెక్టర్ సిబ్బందితో మా ఫ్లాటుకు వచ్చారు. వారెంటు అడిగితే అవసరం లేదన్నారు. మా అబ్బాయి బీరువాలో మూడు కిలోల గంజాయి దొరికిందని చెప్పి వాడిని తీసుకెళ్లారు. పోలీసు స్టేషను గడప తొక్కని కుటుంబం మాది. పన్నెండు రోజులుగా వాడి తల్లి సరిగా అన్నం తినడం లేదు. చూపిన చోటల్లా సంతకం పెట్టాను. వారెంటు లేదు కాబట్టి కేసు కొట్టేస్తారా? పంచుగా (సోదాకు సాక్షిగా) సంతకం చేసిన పక్క ఫ్లాటాయన, సోదా తాను చూడలేదని కోర్టులో చెబుతానంటున్నారు. అది చాలుతుందా?

సమాధానం: వారెంటు లేదన్న ఒక్క కారణంతో కొట్టేయరు. సోదా చట్టవిరుద్ధమైనంత మాత్రాన అందులో దొరికింది సాక్ష్యం కాకుండా పోదని సుప్రీంకోర్టు 1974లోనే పూరన్‌మల్ కేసులో తేల్చింది. గెజిటెడ్ అధికారి ముందు సోదా కోరే హక్కునిచ్చే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 50వ సెక్షన్ కూడా మీకు పనికిరాదు. అది ఒంటిమీది సోదాకే గాని బీరువాకు వర్తించదు.

మీరు మాటవరసకు రాసిన ‘ఆరున్నర’ మీదే ఈ కేసు ఆధారపడి ఉంది. డిసెంబరులో విజయవాడలో ఆ వేళకు పొద్దు గుంకి అరగంట దాటుతుంది. సూర్యాస్తమయం తరువాత వారెంటు లేకుండా ఇంట్లో సోదా చేయాలంటే, వారెంటు తెచ్చేలోగా సరుకు దాచేస్తారనో నిందితుడు పారిపోతాడనో ఎందుకు నమ్ముతున్నారో అధికారి ముందే రాసిపెట్టాలి. దాని నకలును 72 గంటల్లో పై అధికారికి పంపాలి. ఇది ఎన్‌డీపీఎస్ చట్టం 42వ సెక్షన్. ఆలస్యానికి తగిన సంజాయిషీ ఉంటే అంగీకరించవచ్చు గాని, అసలు పాటించకపోతే చెల్లదని 2009లో కర్నైల్ సింగ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అయితే అధికారం పొందిన గెజిటెడ్ అధికారి స్వయంగా సోదా జరిపి ఉంటే ఈ వాదన నిలవడం కష్టం. ఆ రోజు డీఎస్పీ స్థాయి అధికారి ఎవరైనా వచ్చారా? గుర్తు చేసుకోండి.

ఇంతకీ పంచనామాలో వేళ ఎంతని ఉంది? మీరు చదవలేదు, నకలూ అడగలేదు. పొద్దు గుంకక ముందు వేళ, అంటే నాలుగున్నర అని రాసి ఉంటే దాని కింద మీ సంతకమే మీకు ఎదురు నిలుస్తుంది. కొడుకు భవిష్యత్తు ఉన్న కాగితాన్ని చదవకుండా సంతకం చేయడం క్షమించరాని అజాగ్రత్త.

మీ లిఫ్టు దగ్గర సీసీ కెమెరా ఉంటే ఇప్పుడు దానికి విరుగుడు అదే. చాలాచోట్ల కొన్ని వారాలకే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. మీకు ఇప్పటికే పన్నెండు రోజులు గడిచాయి. ఈ రోజే అపార్టుమెంటు కార్యదర్శికి రాతపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి. ఎలక్ట్రానిక్ రికార్డుకు జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం లేకుండా వట్టి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తే కోర్టులో నిలవదు. సోదాను వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఆ వీడియోను, మీ అబ్బాయిని తీసుకొచ్చిన వేళ నమోదైన స్టేషను కెమెరా దృశ్యాలను భద్రపరచాలని మీ న్యాయవాది చేత ప్రత్యేక కోర్టులో పిటిషను వేయించండి.

పక్క ఫ్లాటాయన సాయం జోలికి మాత్రం పోకండి. పంచులు ఎదురు తిరిగినా, పోలీసుల సాక్ష్యం నమ్మదగినదైతే దానితోనే శిక్ష వేయవచ్చు. చూసి కూడా చూడలేదంటే అది అబద్ధపు సాక్ష్యం. కోర్టులో దానికి ఏడేళ్ల దాకా జైలు ఉంది. చెప్పించారని తేలితే మీరూ ముద్దాయే.

బెయిలుకు ఇప్పుడే ప్రయత్నించవచ్చు. గంజాయిలో వాణిజ్య పరిమాణం 20 కిలోలు కాబట్టి 37వ సెక్షన్ కఠిన షరతులు మీ అబ్బాయికి అడ్డురావు. అంతకన్నా ముందు ఎఫ్ఐఆర్, రిమాండు రిపోర్టు, పంచనామాల సర్టిఫైడ్ నకళ్లకు కోర్టులో దరఖాస్తు చేయించండి. 42వ సెక్షన్ గురించి స్టేషనులో ఎవరితోనూ వాదించకండి. అధికారి కారణాలు రాసిపెట్టిన కాగితం ఉందో లేదో మీ న్యాయవాది కోర్టు రికార్డులోనే చూడాలి.