పేరోల్ ఉద్యోగం వచ్చిన అమ్మాయిని ఆపకండి, మాస్టారూ

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మా అమ్మాయి ఈ ఏడాదే ఎంబీఏ హెచ్‌ఆర్ పూర్తి చేసింది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పేరోల్, బెనిఫిట్స్ సెక్షన్‌లో ఎగ్జిక్యూటివ్‌గా ఆఫర్ వచ్చింది. తను చేరతానంటోంది. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఎంబీఏ చదివించింది జీతాల బిల్లులు రాయడానికా అని బంధువులు కూడా అంటున్నారు. హెచ్‌ఆర్ అనలిటిక్స్‌కు, అంటే ఉద్యోగుల డేటా విశ్లేషణకు, మంచి డిమాండ్ ఉందని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెప్పారు. ఆ కోర్సులో చేర్పించి ఐటీ కంపెనీల్లో ప్రయత్నిస్తే మేలా? పైగా ఏఐ వచ్చాక పేరోల్ ఉద్యోగాలే ఉండవంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరు.

జవాబు: మాస్టారూ, మీరు అడిగింది రెండు కెరీర్ల గురించే అయినా మీ దిగులు వేరేచోట ఉంది. నలుగురిలో అమ్మాయి ఉద్యోగం గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు అది చిన్నగా వినిపిస్తుందేమోనని మీ బెంగ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలాకాలంగా వస్తున్నాయి. ఉద్యోగం పేరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, ఈ బెంగ మాత్రం మారదు. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

ఇంక్రిమెంట్ నెల వచ్చినప్పుడు, డీఏ అరియర్స్ ప్రకటించినప్పుడు, పీఆర్సీ ఫిక్సేషన్ అప్పుడు మీరు ఎవరి టేబుల్ ముందు నిలబడ్డారో గుర్తు చేసుకోండి. సర్వీస్ రిజిస్టర్‌లో ఒక ఎంట్రీ పడకపోతే ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లకు పాత పెన్షన్, ఆ రోజు నుంచి చేరినవాళ్లకు సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే కొత్త పెన్షన్. ఆ ఒక్క తేదీ గురించి స్టాఫ్‌రూముల్లో ఎంత బాధ ఉందో మీరు చూస్తూనే ఉన్నారు. రూల్స్ తెలిసిన మనిషి ఆ సీట్లో ఉంటే ఎంత ధైర్యమో తెలిసి కూడా, మీ అమ్మాయి అదే సీట్లో కూర్చుంటానంటే నామోషీ అనుకుంటున్నారు. అది నాకు నచ్చలేదు.

ఇంకో మాట కూడా అనక తప్పదు. బంధువులు ఏమన్నారో రాశారు, ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏం చెప్పారో రాశారు. అమ్మాయి ఎందుకు చేరాలనుకుంటోందో ఒక్క ముక్క కూడా లేదు. తనే ఇంటర్వ్యూకి వెళ్లి, తనే ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల. ఎందుకు నచ్చిందమ్మా అని కూర్చోబెట్టి అడిగారా? అడగకుండానే కోర్సు ఫీజు దాకా వెళ్లిపోయారంటే తప్పు మీదే. ఈరోజే అడగండి. నా జవాబు కంటే తన జవాబు మీకు ఎక్కువ అవసరం.

ఇక ఆ సెక్షన్‌లో ఏం పని ఉంటుందో చెబుతాను. కంపెనీ పేరోల్ కంటే విశ్వవిద్యాలయం పేరోల్‌లో చిక్కులు ఎక్కువ. ఒకే క్యాంపస్‌లో స్కేలు మీద ఉన్న ప్రొఫెసర్లు, కన్సాలిడేటెడ్ పే (స్కేలు లేని ఏకమొత్తం జీతం) మీద ఉన్నవాళ్లు, పీరియడ్ లెక్కన తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ, ఫెలోషిప్ తీసుకునే పరిశోధకులు, ల్యాబ్ సిబ్బంది, హాస్టల్ సిబ్బంది, అవుట్‌సోర్సింగ్ వాళ్లు ఉంటారు. ఒక్కొక్కరికి ఒక్కో రూలు. యూజీసీ స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం అకడమిక్ లెవల్ 10లో 57,700 రూపాయలతో మొదలవుతుంది. 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లకు, ఎంఫిల్ ఉంటే ఐదేళ్లకు, రెండూ లేకపోతే ఆరేళ్లకు పై మెట్టయిన లెవల్ 11కి అర్హత వస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఈ స్కేళ్లను ఎంతవరకు పాటిస్తాయన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అక్కడ ఎవరికి ఏం వర్తిస్తుందో తేల్చేది ఆ సెక్షనే.

పీఎఫ్ సంగతే చూడండి. ఉద్యోగి వాటా 12 శాతం, యాజమాన్యం వాటా 12 శాతం అని అందరికీ తెలుసు. యాజమాన్యం వాటాలోంచి 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుందని, దానికి 15,000 రూపాయల వేతన పరిమితి ఉంది కాబట్టి అది నెలకు 1,250 దాటదని కొందరికి తెలుసు. కానీ 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరిన వ్యక్తి వేతనం 15,000 దాటితే ఆ పెన్షన్ పథకంలో చేరే అర్హతే లేదు, మొత్తం 12 శాతం పీఎఫ్ ఖాతాలోనే పడాలి. ఇది తెలియని ఆఫీసుల్లో కొత్త లెక్చరర్ పేరు మీద ప్రతి నెలా 1,250 పెన్షన్‌కు వెళ్తూనే ఉంటుంది. ఎప్పుడో ఉద్యోగం మారి డబ్బు బదిలీ చేసుకోబోయినప్పుడు క్లెయిమ్ ఆగిపోతుంది. అప్పుడు పాత ఆఫీసు చుట్టూ తిరగడమే. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం వల్ల ఆగిపోయే క్లెయిములు సరేసరి.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇచ్చే మొత్తం, మీకు ఇంకా దగ్గరి విషయం. 1972 చట్టం కింద టీచర్లు ఉద్యోగుల లెక్కలోకి రారని 2004లో సుప్రీంకోర్టు అంది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా ప్రైవేటు విద్యాసంస్థల టీచర్లను అందులో చేర్చింది. యాజమాన్యాలు ఆ సవరణ మీద కోర్టుకెళ్లాయి. 2022లో సుప్రీంకోర్టు సవరణ సరైనదేనని తీర్పునిచ్చింది. ఇప్పుడు లెక్క చూడండి. చివరి మూల వేతనం, డీఏ కలిపి 52,000 అనుకుందాం. 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాది సర్వీసుకు 30,000. ఆరు నెలలు దాటిన సర్వీసును పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదేళ్ల ఏడు నెలలు పనిచేసిన వ్యక్తికి పదేళ్ల లెక్కన 3 లక్షలు రావాలి. చేరిన తేదీని రికార్డులో రెండు నెలలు ఆలస్యంగా రాశారనుకోండి, తొమ్మిదేళ్లే అవుతుంది. 30,000 పోతుంది. అది పట్టుకునే మనిషి పేరోల్ సెక్షన్‌లో ఉండాలి. ఆ పని చిన్నదని ఎలా అంటాం?

హెచ్‌ఆర్ అనలిటిక్స్ మీద నా అనుమానాలు కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే మీకు దాని గురించి చెప్పినవాళ్లు ఫీజు తీసుకునేవాళ్లు. ఆ రంగం బూటకమని నేను అనడం లేదు. పెద్ద సంస్థల్లో ఉద్యోగులు ఎందుకు వెళ్లిపోతున్నారు, ఏ విభాగంలో ఖర్చు పెరుగుతోంది అన్నవి లెక్కగట్టేవాళ్లు కావాలి. అయితే అది ఫ్రెషర్‌కి నేరుగా దొరికే పని కాదు. జీతాలు, సెలవులు, రాజీనామాల డేటా చాలా సున్నితమైనది. దాన్ని నిన్నగాక మొన్న చేరినవాళ్ల చేతిలో ఎవరూ పెట్టరు. కోర్సు సర్టిఫికెట్‌తో వెళ్లిన పిల్లల్లో చాలామంది చేతికి వచ్చేది హాజరు ఎక్సెల్ షీట్లు, ఇంటర్వ్యూ షెడ్యూళ్లే. పైగా ఆ కోర్సుల్లో చార్టులు వేయడం నేర్పుతారు గానీ గ్రాస్‌కు (కోతలకు ముందు జీతం), సీటీసీకి (ఉద్యోగి మీద సంస్థ పెట్టే మొత్తం ఖర్చు) తేడా ఏమిటో, లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) పడితే పీఎఫ్ ఎలా మారుతుందో నేర్పరు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా దాన్ని విశ్లేషిస్తే అది నిలబడదు. రెండు మూడేళ్లు పేరోల్ చేసిన అమ్మాయి ఆ తర్వాత ఎక్సెల్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ కాస్త నేర్చుకుంటే అనలిటిక్స్‌కి తనంతట తాను వెళ్లగలదు. ముందు అనలిటిక్స్ కోర్సు చేసి వెనక్కి వచ్చి పేరోల్ రూల్స్ నేర్చుకున్నవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. 'వంద శాతం ప్లేస్‌మెంట్' అని చెబితే, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్ల ఆఫర్ లెటర్లలో హోదా ఏమని ఉందో చూపించమనండి. చూపించకపోతే ఫీజు కట్టకండి.

ఏఐ గురించి టెన్షన్ పడుతున్నారు. అంకెలు టైపు చేసే పని తగ్గిపోతుంది, అది నిజమే. ఇప్పటికే తగ్గింది కూడా. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో రూపొందిన సమర్థ్ అనే ఆన్‌లైన్ వేదిక మీద దేశంలోని అనేక విశ్వవిద్యాలయాలు సిబ్బంది రికార్డులు, సెలవులు, జీతాలు నడుపుతున్నాయి. కానీ రూల్స్ మారినప్పుడు ఏం చేయాలో ఎవరో ఒకరు చదివి నిర్ణయించాలి కదా. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగాన్ని మించితే, ఆ మించిన భాగాన్ని కూడా వేతనంగానే లెక్కించాలి. ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలానికి తీసుకున్న) ఉద్యోగులకు ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. ఏటేటా కాంట్రాక్టు పొడిగించుకుంటూ వచ్చిన లెక్చరర్‌ని ఏ కోవలో పెట్టాలి అన్నది సాఫ్ట్‌వేర్ తనంతట తాను తేల్చదు. భర్త పోయిన ఆవిడ పీఎఫ్ నామినేషన్ కాగితాలతో వచ్చినప్పుడు ఆమెకు ఏ ఫారం ముందు నింపాలో ఓపికగా చెప్పాల్సింది కూడా మనిషే. మీ అమ్మాయి ఈ రెండూ నేర్చుకుంటే భయపడాల్సిన పని లేదు.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి రెండు మాటలు. ఐటీ కంపెనీ రిక్రూట్‌మెంట్‌లో మొదటి జీతం కొంచెం ఎక్కువ ఉండొచ్చు, ఎదుగుదల వేగంగా ఉండొచ్చు. నియామకాలు ఆగిన ఏడాది ముందు పోయే ఉద్యోగాలు కూడా అవే. విశ్వవిద్యాలయంలో జీతం నెమ్మదిగా పెరుగుతుంది, ప్రమోషన్ కోసం చాలా ఆగాలి, కొన్ని ప్రైవేటు సంస్థల్లో జీతాలే ఆలస్యమవుతాయి. మీ అమ్మాయి అక్కడే రిటైర్ కానక్కర్లేదు. కంపెనీల్లో కాంపెన్సేషన్, బెనిఫిట్స్ విభాగాలు ఉన్నాయి, పేరోల్ సేవలందించే సంస్థలు ఉన్నాయి, వాటిల్లో ఈ అనుభవానికి విలువ ఉంది. ఉద్యోగం చేస్తూనే కార్మిక చట్టాల్లో ఒక డిప్లొమా చేస్తే ఇంకా మంచిది. అనలిటిక్స్ కోర్సుకు కట్టాలనుకున్న డబ్బులో కొంత దానికి సరిపోతుంది.

చేరేముందు ఆఫర్ లెటర్‌ని మీరిద్దరూ కలిసి చదవండి. చెబుతున్న జీతం సీటీసీయా, చేతికొచ్చేదా? యాజమాన్యం పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కూడా కలిపి పెద్ద అంకె చూపిస్తున్నారా? ప్రొబేషన్ ఎంతకాలం, నోటీస్ పీరియడ్ ఎంత, ఆరోగ్య బీమా మొదటి రోజు నుంచే ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉంచమంటే ఒప్పుకోవద్దు. వెరిఫికేషన్‌కి చూపించి అప్పుడే వెనక్కి తెచ్చుకోవాలి. చేరిన తర్వాత పీఎఫ్ పాస్‌బుక్‌లో తన వాటా పడుతోందో లేదో నెలనెలా చూసుకోమనండి.

అన్నిటికంటే ముందు ఆఫర్ లెటర్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. విశ్వవిద్యాలయం పేరు మీదో, దాన్ని నడిపే ట్రస్టు లేదా సొసైటీ పేరు మీదో ఉంటే నిశ్చింతగా పంపించండి. ఏదైనా మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు మీద ఉంటే మాత్రం చేరే తేదీ లోపు నాకు మళ్లీ రాయండి. అప్పుడు నా సలహా వేరుగా ఉంటుంది.