ఫినాయిలు వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టు కాదా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా పాపకి ఏడాది నిండబోతోంది, ఇల్లంతా పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్, బీరువాలో కలరా ఉండలు చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. అన్నీ పారేసి ‘హెర్బల్’వి కొందామంటే డబ్బు దండగ అంటున్నారు అత్తయ్యగారు. పైగా ఫినాయిలు వాసన రాకపోతే ఇల్లు తుడిచినట్టే కాదట! ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: డబ్బు విషయంలో మీ అత్తయ్యగారిదే రైటు. అన్నీ ఒక్కరోజులో మార్చక్కర్లేదు, అయిపోయినది అయిపోయినట్టు మార్చుకుంటూ పోండి. కానీ రెండింటిని మాత్రం ఈరోజే బయటికి పంపండి.

మొదటిది కలరా ఉండలు. చూడ్డానికి అచ్చం పిప్పరమెంటు బిళ్లలా ఉంటాయి, పాప నోట్లో పెట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి? మింగకపోయినా, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి ఆ ఉండల మధ్య దాచిన బట్టలు తొడిగితేనే ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు, ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. మన సముద్రపు తేమకి బీరువా ముక్కిన వాసన కొట్టడం మామూలే, దానికి ఎండలో వేసిన బట్టలూ బాగా ఎండిన వేపాకూ చాలు. బదులుగా కర్పూరం పెట్టకండి, అది కడుపులోకి వెళితే పిల్లలకి ఫిట్స్ వస్తాయి.

రెండోది తోపుడు బండి మీద కొనే యాసిడ్, అదీ పాత కూల్‌డ్రింక్ సీసాలో. పాపే కాదు, దాహమేసిన పెద్దవాళ్లు కూడా పొరబడతారు. అలాగని బాత్‌రూంలో వంపేయకండి. అక్కడ బ్లీచింగ్ ఉంటే రెండూ కలిసి క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన చిన్న బాత్‌రూంలో ఊపిరాడదు. మూత బిగించి, పైన పేరు రాసి, చెత్త బండి వాళ్లకి చెప్పి విడిగా ఇవ్వండి. టాయిలెట్‌లో బోరునీళ్ల గారకి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) గోరువెచ్చని నీళ్లలో కలిపి రాత్రి పోసి పొద్దున బ్రష్‌తో రుద్దండి. మార్బుల్ మీద మాత్రం వద్దు, రాయి మెరుపు పోతుంది. (వెనిగర్, వంటసోడా కలిపి పొంగించే వీడియోలు చూసే ఉంటారు. పొంగు బాగానే ఉంటుంది గానీ, ఒకదాన్నొకటి విరిచేసుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.)

ఇక నేల. రోజూ తుడవడానికి మామూలు నీళ్లు, కాస్త సబ్బు చాలు. సబ్బు బదులు కుంకుడు రసమూ పనికొస్తుంది, మన్యం కుంకుళ్లు మనకి కొత్తేమీ కాదు, పూర్ణా మార్కెట్‌లో దొరుకుతాయి. రాత్రి నానబెట్టి, పొద్దున మరిగించి వడకట్టండి. ఫ్రిజ్‌లో పెట్టినా వారానికి మించి ఉంచకండి, పులిసిపోతుంది. ఇది మురికి వదిలిస్తుంది తప్ప క్రిములను చంపుతుందని నమ్ముకోవద్దు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలైతే ఆ టాయిలెట్‌కి పల్చటి బ్లీచింగ్ నీళ్లే వాడండి, అందులో ఇంకేమీ కలపకుండా, కిటికీ తీసిపెట్టి.

‘హెర్బల్’ అన్న అట్ట చూసి డబ్బు పెట్టకండి, ఆ మాట ఎవరైనా అచ్చేసుకోవచ్చు. పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకులకి మన ప్రభుత్వం 1991లో తెచ్చిన ఎకోమార్క్‌కి మట్టికుండ గుర్తు ఉంటుంది. అది ఉన్న సరుకు దొరకడం అరుదే గానీ, దొరికితే నమ్మొచ్చు. దొరక్కపోతే వెనక అట్ట మీద ఏమేం కలిపారో రాసినదే కొనండి.

అత్తయ్యగారి ఫినాయిలు సంగతంటారా, ఉన్న సీసా అయ్యేదాకా గుమ్మం బయటా వెనక కాలవ దగ్గరా వాడుకోనివ్వండి, పాప పాకే గదుల్లో వద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఆ తర్వాత కూడా వాసన కావాలంటే బకెట్ నీళ్లలో రెండు చుక్కలు నిమ్మగడ్డి నూనె వేయండి, ఆ సీసాని మాత్రం పై అల్మారాలో పెట్టి తాళం వేయండి. ఆకు నుంచి తీసిందైనా తాగితే అదీ విషమే.