మీ ప్రశ్నలు - మా జవాబులు: హైదరాబాద్ మిస్ వరల్డ్

ప్రశ్న: 2025 పోటీల్లో మన నందినీ గుప్తా టాప్ మోడల్ అనే ముందస్తు పోటీలో గెలిచింది కదా. చివరి 8 మందిలో ఎందుకు లేదు? పక్షపాతమేనా?

జవాబు: అలా అనుకునే ముందు లెక్క చూడండి. ఆ ఏడాది ప్రపంచాన్ని నాలుగు ఖండాల కోటాలుగా విడగొట్టారు. ఒక్కో ఖండానికి 10 మంది చొప్పున 40, తర్వాత 5 చొప్పున 20, ఆపైన 2 చొప్పున 8, చివరికి ఒక్కొక్కరే. నందిని గెలిచింది టాప్ మోడల్‌లో ఆసియా-ఓషియానియా విజేత స్థానం. దాంతో టాప్ 40లో బెర్తు ఖాయం, అంతే. మే 31న హైటెక్స్‌లో జరిగిన ఫైనల్లో టాప్ 20 దాకా వచ్చింది. ఆసియా-ఓషియానియాకున్న రెండు చోట్లు థాయిలాండ్, ఫిలిప్పీన్స్ తీసుకున్నాయి. కిరీటం థాయిలాండ్ ఓపల్ సుచాతాది. ఆసియాలో పోటీ గట్టిదైతే మంచి అభ్యర్థికీ ఈ పద్ధతిలో దెబ్బే. మా దృష్టిలో లోపం కోటాదే.

ప్రశ్న: రామప్ప గుడి దగ్గర కాళ్లు కడిగిన గొడవ ఏమిటి?

జవాబు: గుడిలోకి వెళ్లేముందు కాళ్లు కడుక్కోవడం మామూలే. చెంబు చేతికిస్తే సరిపోయేది. పోటీదారులు వరసగా కూర్చుంటే స్థానిక మహిళలు నీళ్లు పోసి, తువ్వాలుతో తుడిచిన దృశ్యాలు బయటికొచ్చాయి. ప్రతిపక్షాలు మండిపడ్డాయి. అతిథి మర్యాద అన్న సమర్థన మాకు అతకలేదు.

ప్రశ్న: మిస్ ఇంగ్లండ్ ఎందుకు వెళ్లిపోయింది?

జవాబు: స్పాన్సర్లను అలరించమన్నారని మిల్లా మాగీ ఆరోపణ. తల్లి ఆరోగ్యం బాగాలేదని చెప్పి వెళ్లిందని నిర్వాహకుల వాదన. ఆరోపణను వాళ్లు ఖండించారు.