సమాధానం: కౌంటర్ల అద్దాలన్నీ తీసేయాలా?

నమస్తే అండీ. మీ పరపతి సంఘం శాఖలో అద్దాలన్నీ తీసేసి, సోఫాలు, కాఫీ పెట్టాలని పాలకవర్గం పట్టుబడుతోందని రాశారు. ఆ పోకడ అమెరికాలో బాగా పేరు పొందింది. అంప్‌క్వా బ్యాంకు 2003లో పోర్ట్‌లాండ్‌లో అలాంటి శాఖ తెరిచింది. క్యాపిటల్ వన్ అనే మరో బ్యాంకు అయితే ఏకంగా కెఫేలే నడుపుతోంది. మీ సభ్యులు నోట్ల కట్టలతో వస్తారు కదా, ఆ నమూనాను యథాతథంగా దించుకోకండి.

క్యాషియర్‌కు అద్దం ఉండాల్సిందే. అప్పులు, డిపాజిట్లు చూసేవారికి అక్కర్లేదు, బల్లకు ఎదురుగా రెండు కుర్చీలు చాలు. అసలు చిక్కు చప్పుడుతో వస్తుంది. గ్రానైట్ నేల, గాజు గోడలు, ఖాళీ హాలు కలిస్తే మాట గింగిరాలు తిరుగుతుంది. ఒకరి బాకీ సంగతి వరుసలో ఉన్నవారందరి చెవినా పడుతుంది. అప్పుల బల్లను ప్రవేశద్వారానికి దూరంగా, మూలకు జరపండి. కూర్చున్నవారి తల దాటే ఎత్తులో గుడ్డ తొడిగిన అడ్డుతెర కట్టించండి. సీలింగుకు శబ్దాన్ని పీల్చే పలకలు వేయించండి. సోఫాల డబ్బు ఇక్కడ పెట్టడం నయం.

ర్యాంపు విషయంలో మేస్త్రీ మాట వినకండి, చోటు లేదని నిటారుగా కట్టేస్తారు. మెట్ల ఎత్తు అడుగు ఉంటే ర్యాంపు పొడవు కనీసం 12 అడుగులు ఉండాలి, పైన నున్నటి టైల్స్ వద్దు. ఒక కౌంటరునైనా చక్రాల కుర్చీలో ఉన్నవారికి అందేలా దించండి.

కాఫీ సంగతంటారా, మంచినీళ్లు, చీటీలు రాసుకునే బల్ల, రాసే పెన్ను ఉంటే మీ సభ్యులు సంతోషిస్తారు.