పాపకు గోధుమ మాన్పించాం, బడ్జెట్ తప్పింది: హెల్త్ పాలసీ ఆపేయమంటారా?

ప్రశ్న: మాది కరీంనగర్. మావారి జీతం, నా ట్యూషన్లు కలిపి నెలకు 68,000 వస్తుంది. తొమ్మిదేళ్ల మా పాపకు సీలియాక్ జబ్బు (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని జబ్బు) ఉందని మూడు నెలల కింద తేలింది. గోధుమ, బార్లీ ఇక జీవితాంతం ముట్టకూడదన్నారు. పాప చిన్నబుచ్చుకోకూడదని రాత్రి రొట్టెలు అందరికీ గ్లూటెన్ లేని పిండితోనే చేస్తున్నా. వచ్చే నెల నుంచి బాబుతో సహా అందరం గోధుమ పూర్తిగా మానేద్దామనుకుంటున్నాం. 11,000 ఉండే కిరాణా బిల్లు 18,500 అయింది. నాలుగేళ్లుగా కడుతున్న ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) ప్రీమియం 19,200 వచ్చే నెలే కట్టాలి. దాన్ని ఆపాలా, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే 5,000 సిప్ ఆపాలా?

జవాబు: ముందు పాలసీ సంగతి. దాన్ని ఆపకండి. మీరు పాలసీ తీసుకున్నప్పుడు ఈ జబ్బు ఉన్నట్టు ఎవరికీ తెలియదు, మధ్యలో బయటపడింది. అంటే పాత పాలసీలో దీన్ని ముందే ఉన్న జబ్బుగా లెక్కేయరు. ఇప్పుడు వదిలేసి రెండేళ్ల తర్వాత కొత్తది తీసుకుంటే మాత్రం ఫారంలో సీలియాక్ అని రాయక తప్పదు. అప్పుడు దానికి సంబంధించిన క్లెయిముల కోసం 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. రాయకుండా దాచితే అసలు అవసరం పడ్డ రోజున క్లెయిమ్ తిరగ్గొడతారు. పైగా ఐదేళ్లు తెగకుండా కడితే, మోసం రుజువైతే తప్ప పాత వివరాలు తవ్వి క్లెయిమ్ కాదనే వీలు కంపెనీకి ఉండదు. మీరు నాలుగు పూర్తి చేశారు. ఇంకొక్క ఏడాది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు, కాబట్టి మీరు రాసిన 19,200 పాత నోటీసులోదేమో ఒకసారి చూసుకోండి.

ఇక బిల్లు. మీరు పంపిన లెక్కలో పెరిగిన 7,500లో పిండి ప్యాకెట్లకు 2,400, బ్రెడ్‌కు 1,600, బిస్కెట్లు, నూడుల్స్, చిరుతిళ్లకు 2,300 పోతున్నాయి. పండ్లు, పల్లీలు వగైరా మిగతా 1,200. అంటే 6,300 గోధుమ వస్తువులకు నకళ్లు కొనడానికే పోతోంది. పంజాబ్‌లోలా రోజూ గోధుమ రొట్టెలే తినే కుటుంబమైతే ఈ ఖర్చు తప్పదు. మనకు అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్న రొట్టె, మక్క గటుక ఉండగా అంత ఖర్చెందుకు? స్కూలు డబ్బాలోకి బ్రెడ్ బదులు సర్వపిండి పెట్టండి. సకినాలు ఇంట్లో చేసుకోండి. షాపులో మైదా చేగోడీలు వేయించిన నూనెలోనే వాటినీ వేసి ఉండవచ్చు. ఉప్మా రవ్వ, సేమ్యా గోధుమవేనని మీకు తెలిసే ఉంటుంది. చాలా మందికి తెలియనిది ఇంగువ: డబ్బాలో వచ్చే ఇంగువలో తరచూ గోధుమ పిండి కలుపుతారు, లేబుల్ చదివి కొనండి.

పాప స్నేహితుల ముందు తినే బిస్కెట్లకు, అప్పుడప్పుడూ బ్రెడ్‌కు నెలకు 1,500 పక్కన పెట్టండి. అది దండగ ఖర్చని నేననను. జొన్నలు, రాగులకు అదనంగా 500, పండ్లు, పల్లీల 1,200 కలిపినా పెరుగుదల 7,500 నుంచి 3,200కు దిగుతుంది.

ఒక్క చోట మాత్రం పీనాసితనం పనికిరాదు, అది గిర్ని. అందరి గోధుమలూ పట్టే గిర్నిలో మీ జొన్నలు పట్టిస్తే పాపకు మళ్లీ కడుపునొప్పే. పొద్దున మొదటి వాయి వేయించుకున్నా రాళ్ల మధ్య నిన్నటి పిండి ఉంటుంది. ఇంటికి చిన్న పిండిమర పదిహేను వేలకు అటూ ఇటూగా దొరుకుతుంది. మీరు ఆర్నెల్లలో ప్యాకెట్ల మీద పెట్టేదే 14,400. దసరా బోనస్‌తో కొనండి, ఈఎంఐలో వద్దు. అప్పటిదాకా కొత్త మిక్సీ జార్‌తో సర్దుకోండి.

అందరూ గోధుమ మానేయడం గురించి: ఇంకో నెల ఆగండి. తోబుట్టువులకు, తల్లిదండ్రులకు ఈ జబ్బు ఉండే అవకాశం మామూలు వారికన్నా ఎక్కువ. ముందు బాబుకు, మీ ఇద్దరికీ సీలియాక్‌ను పసిగట్టే టీటీజీ రక్తపరీక్ష చేయించండి. గోధుమ మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టు చూపించవచ్చు, అప్పుడు పరీక్ష కోసమే కొన్ని వారాలు మళ్లీ గోధుమ తినాల్సి వస్తుంది. పరీక్షల్లో ఏమీ లేకపోతే మీ ముగ్గురూ మానేయాల్సిన పనే లేదు. పాప పెనం, అట్లకాడ, డబ్బాలు వేరుగా ఉంటే చాలు.

పరీక్షలకు, డైటీషియన్‌కు నెలకు 800 దాచండి. పై 3,200తో కలిపి మొత్తం లోటు 4,000. మీరు పంపిన లెక్కలో ఆదివారం హోటల్ ఖర్చు 3,000 ఉంది, పాప తినలేని చోటికి ఎలాగూ వెళ్లరు కాబట్టి అందులో 2,000 మిగులుతుంది. మిగతా 2,000 కోసం సిప్‌ను ఆర్నెల్లు 3,000కు తగ్గించండి. పూర్తిగా ఆపితే మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నేను తక్కువే చూశాను.

పన్ను గురించి ఆశ పెట్టుకోకండి. ఈ తిండి ఖర్చుకు ఏ సెక్షన్‌లోనూ మినహాయింపు లేదు, చికిత్స ఖర్చుకు మినహాయింపు ఇచ్చే జబ్బుల జాబితాలో సీలియాక్ లేదు. పాత పన్ను విధానంలో ఉంటే హెల్త్ ప్రీమియం మినహాయింపు కింద 25,000 దాకా, అందులోనే ముందస్తు పరీక్షలకు 5,000 దాకా చూపించవచ్చు. మీవారు ఏ విధానం ఎంచుకున్నారో అడిగి ఊరుకోవడం కాదు, జీతంలో కోసిన పన్ను వివరాలుండే ఫారం 16 మీరే తీసి చూడండి. కొత్త విధానమైతే ఆ మినహాయింపు కూడా లేదు. ఏ విధానమైనా ప్రీమియం మాత్రం గడువు తేదీకి వారం ముందే కట్టేయండి.