పెంటాథ్లాన్‌లో పేరు వస్తుందా? కొరియాలో నేను చూసింది

"మా అబ్బాయి స్విమ్మింగ్ బాగా చేస్తాడు, మోడర్న్ పెంటాథ్లాన్ వైపు పంపితే పేరు, ఉద్యోగం ఉంటాయా?" అని అడిగారు. ఇది ఒకే పోటీలో ఐదు ఆటలుండే క్రీడ. నేను చెప్పే రోజుల్లో ఆ ఐదు ఈత, ఫెన్సింగ్ (కత్తియుద్ధం), గుర్రపు స్వారీ, పరుగు, పిస్టల్ షూటింగ్. నేను దక్షిణ కొరియాలోని డేజియోన్‌లో కొన్నేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను. అక్కడి పెంటాథ్లాన్ ఆటగాడు జున్ వూంగ్‌తేకి పేరు ఎలా వచ్చిందో కళ్ళారా చూశాను.

2021 ఆగస్టు 7, శనివారం సాయంత్రం. కోవిడ్ ఆంక్షలు, గదిలో ఒక్కడినే. టోక్యో ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్ చివరి అంకం నడుస్తోంది. అది పరుగు, షూటింగ్ కలిపిన పోటీ: అప్పటిదాకా ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు ముందు బయలుదేరతాడు, మధ్యమధ్యలో ఆగి లేజర్ పిస్టల్‌తో కాల్చాలి, గీత ఎవరు ముందు దాటితే వాళ్ళే విజేత. ఆట తెలియని నాకే టెన్షన్ పట్టుకుంది. బ్రిటన్‌కు చెందిన జో చూంగ్ 1482 పాయింట్లతో స్వర్ణం, ఈజిప్ట్ ఆటగాడు అహ్మద్ ఎల్‌గెండీ రజతం, జున్ 1470తో కాంస్యం. నాలుగో స్థానం కూడా కొరియా అతనిదే, జంగ్ జిన్‌హ్వా. 1964 నుంచి ఈ ఆటలో పోటీ పడుతున్న కొరియాకు అదే తొలి ఒలింపిక్ పతకం.

సోమవారం ల్యాబ్‌లో కొరియన్ మిత్రుణ్ణి ఆ ఐదు ఆటలేమిటో చెప్పమన్నాను. ఈత, ఫెన్సింగ్, గుర్రం దాకా వచ్చి, ఆ తర్వాత విలువిద్య అన్నాడు! జున్ 2018లోనే జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. ఆ సంగతి మా ల్యాబ్‌లో ఒక్కరికీ తెలియదు. కాంస్యం తర్వాత మాత్రం టీవీ షోలలో కనబడసాగాడు. మా క్యాంటీన్‌లో వడ్డించే పెద్దావిడ కూడా గుర్తుపట్టేది, కానీ ఏం ఆడతాడంటే "పరిగెత్తుతాడు" అనేది. పేరు మనిషికి వచ్చింది, ఆటకు రాలేదు.

అయినా అతను నిలబడింది ఆ పేరు మీద కాదు. కొరియాలో నగరపాలక సంస్థలు జీతమిచ్చి జట్లను నడుపుతాయి, అతనిది గ్వాంగ్జు జట్టు. ఆసియా క్రీడల స్వర్ణం వస్తే ఏడాదిన్నర సైనిక సేవ నుంచి కూడా మినహాయింపు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత, జట్టు స్వర్ణాలు రెండూ గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానం. ఆ మర్నాడు మహిళల్లో సియోంగ్ సియుంగ్‌మిన్ కాంస్యం గెలిచింది, ఈ ఆటలో ఆసియా మహిళకు అదే మొదటి ఒలింపిక్ పతకం. మాటలన్నీ ఆమె మీదికి మళ్ళాయి.

ఇక మీ అబ్బాయి విషయం. ఈత నుంచి ఈ ఆటకు వచ్చినవాళ్ళు చాలామంది. టోక్యోలో జర్మనీ క్రీడాకారిణి గుర్రం మొరాయించిన గొడవ తర్వాత, పారిస్‌తో గుర్రపు స్వారీకి మంగళం పాడి అడ్డంకుల పరుగు పెట్టారు. కాబట్టి గుర్రం ఖర్చు మీకు లేదు. ముందు దగ్గర్లో ఫెన్సింగ్ కోచ్ ఉన్నారేమో చూడండి, అందులోనూ ఈ ఆటలో వాడే ఎపీ అనే రకం కత్తి నేర్పేవాళ్ళు కావాలి. పేరు కోసమే అయితే నేను వద్దంటాను. 200 మీటర్లు ఎంతసేపట్లో ఈదుతాడు, పరుగంటే ఇష్టమేనా? అది రాస్తే ఇంకాస్త చెప్పగలను.